ఫ్రీ బస్సు లెక్కలో ఆటో ఇల్లు ఎక్కడ?

2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు. శృంగవరపుకోట నుంచి విజయనగరం కాలేజీకి వెళ్ళే అమ్మాయి ఉన్న ఇంట్లో ఇది నెలనెలా మిగిలే సొమ్ము. కొత్తవలస రోడ్డు మీద షేర్ ఆటో నడిపే ఇంట్లో ఇదే తగ్గిన గిరాకీ. మన ఇళ్ళల్లో కొన్నిచోట్ల ఈ రెండూ ఒకే కప్పు కింద ఉన్నాయి. కూతురి చార్జీ మిగిలింది, అబ్బా కలెక్షన్ తగ్గింది. మరి ఆ ఇంటికి లాభమా, నష్టమా?

ప్రభుత్వం కూడా ఈ బాధను గుర్తించింది. అదే ఏడాది అక్టోబర్ 4న 'ఆటో డ్రైవర్ల సేవలో' పథకం కింద డ్రైవర్‌కు 15,000 రూపాయలు వేసింది. మంచిదే. కానీ రోజుకు పంచితే సుమారు 41 రూపాయలు. సొంత బండి నడుపుకునేవాళ్ళకే ఇస్తారు కాబట్టి అద్దె ఆటో నడిపే భాయ్‌కి అదీ లేదు. పైగా ఎక్కువ నష్టపోయినవాడికీ, అసలు నష్టపోనివాడికీ ఒకటే మొత్తం.

ఎవరికి ఎంత నష్టమో ముందే అంచనా వేయలేమా? దానికి ఒక పద్ధతి ఉంది. దాన్ని ఏజెంట్ బేస్డ్ మోడల్ అంటారు. పాత పద్ధతిలో ఊరిని మండలాలుగా, రోడ్లుగా చూసి, ఇక్కడి నుంచి అక్కడికి సగటున ఇంతమంది వెళ్తారని లెక్క వేస్తారు. ఈ కొత్త పద్ధతిలో కంప్యూటర్ లోపల ఒక్కో మనిషినీ విడిగా సృష్టిస్తారు. ఆ మనిషికి ఇల్లు, పని, జేబులో డబ్బు, ఇంటికి చేరాల్సిన టైము, అన్నీ ఉంటాయి. బస్సు రష్‌గా ఉంటే మర్నాడు ఆటో ఎక్కుతాడు, లేదా అరగంట ముందే బయల్దేరతాడు. అదే రోజును వందల సార్లు తిప్పి, చివరికి ఎవరు ఎలా సర్దుకున్నారో చూస్తారు. అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబ్ 1990లలో ట్రాన్సిమ్స్ పేరుతో ఇలాంటిది తయారుచేసింది. తర్వాత జర్మనీ, స్విట్జర్లాండ్ పరిశోధకులు చేసిన మాట్‌సిమ్ అయితే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

దీన్ని మన ఎస్.కోటకు పెట్టి ఆలోచించండి. బస్సు తిరిగే మెయిన్ రోడ్డు మీద పోటీపడే ఆటోకు దెబ్బ తగులుతుంది. బస్సు పోని లోపలి ఊళ్ళకు తిరిగే ఆటో సంగతి వేరు. ఫ్రీ బస్సు వల్ల టౌనుకు వచ్చే ఆడవాళ్ళు పెరిగితే, బస్సు దిగి ఊరికి వెళ్ళడానికి ఆ ఆటోయే కావాలి. అతనికి గిరాకీ పెరిగినా పెరగవచ్చు. బస్సు మరీ కిక్కిరిస్తే టికెట్ కొనే మగవాళ్ళు కొందరు మళ్ళీ షేర్ ఆటో వైపు తిరుగుతారు. సగటు లెక్క ఈ ముగ్గురినీ కలిపేస్తుంది. బీకాంలో మాకు చెప్పేవారు, మొత్తం లాభం చూపించే కంపెనీలో కూడా ఒక బ్రాంచి మునిగిపోతూ ఉండవచ్చని. ఇదీ అంతే.

అయితే కంప్యూటర్ కూడా మనం చెప్పిందే నమ్ముతుంది. జీరో టికెట్ మెషిన్‌లో ఎంతమంది ఎక్కారో తెలుస్తుంది. అంతకుముందు వాళ్ళు ఆటోలో వెళ్ళేవారా, నడిచేవారా, అసలు ఇల్లు కదిలేవారే కాదా అన్నది తెలియదు. జుమా నాడు మధ్యాహ్నం ఆటో ఆపేసే డ్రైవర్, రంజాన్‌లో ఇఫ్తార్ లోపల ఇల్లు చేరాలనుకునే టీచర్, బజారూ ఆస్పత్రీ ఒకే ట్రిప్పులో చూసుకొచ్చే అమ్మీ, వీళ్ళ గురించి ఎవరూ అడగకపోతే మోడల్‌లో వీళ్ళు లేనట్టే. తప్పు లెక్క అందమైన బొమ్మలతో వచ్చినా తప్పే.

ఉచిత బస్సు తీసేయమని నేను అనడం లేదు. చార్జీలకు భయపడి చదువు ఆపేసే ఆడపిల్లకు దాని విలువ ఏంటో మనకు తెలుసు. అడగాల్సింది ఒక్కటే. సాయం అందరికీ ఒకే మొత్తంగా కాకుండా, రూటును బట్టి, నష్టాన్ని బట్టి ఇవ్వాలి. దానికి ఇంటింటి ప్రయాణాల సర్వే కావాలి. రేపు అలాంటి సర్వేకి ఎవరైనా మీ గుమ్మం దగ్గరకు వస్తే, ఇంటి మగవాళ్ళ ప్రయాణాలు మాత్రమే చెప్పి పంపేయకండి. అమ్మీవి, చెల్లెలివి కూడా చెప్పండి. ఆటో అద్దెదా, సొంతమా కూడా చెప్పండి. లెక్కలో పేరు లేని ఇంటికి సాయంలో వాటా రాదు.