ఎముకల మందు పనిచేస్తోందా?

"ఆర్నెల్లుగా మాత్ర వేస్తున్నా నడుం నొప్పి తగ్గలేదండీ" అంటూ మందు మానేసేవారు మాకు తరచూ కనిపిస్తారు. గుల్లబారిన ఎముకల మందును నొప్పితో కొలవకూడదని మా అభిప్రాయం. ఎముక విరిగేదాకా ఆ జబ్బుకు నొప్పే ఉండదు. కొలవాల్సింది డెక్సా స్కాన్‌తో, అదీ ఒకటి రెండేళ్ల తర్వాత, వీలైతే మొదట తీసిన మిషన్ మీదే. మిషన్ మారితే అంకెలు పోల్చడం కష్టం. సాంద్రత పెరగకపోయినా, తగ్గకుండా నిలిస్తే మందు పనిచేస్తున్నట్టే. చాలామంది ఇక్కడే అనవసరంగా నిరాశపడతారు. బాగా తగ్గితే మాత్రం, మందు మార్చేముందు మేము అడిగేది ఒకటుంది: వారానికోసారి వేసుకునే అలెండ్రొనేట్ మాత్రను పరగడుపున, గ్లాసెడు మంచినీళ్లతో వేసుకుని అరగంట పడుకోకుండా, ఏమీ తినకుండా ఉంటున్నారా? కాఫీతో వేసుకుంటే ఒంటికి పట్టేది సుమారు 60 శాతం తగ్గిపోతుంది. ఈసారి వచ్చేటప్పుడు పాత స్కాన్ రిపోర్టు తప్పక తెచ్చుకోండి.