బగ్ వచ్చిందా? దాచకండి, చెప్పండి!

2024 జులై 19న శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కొందరికి బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. సైబర్ సెక్యూరిటీ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మొరాయించాయి. అసలు పొరపాటు మీరు ఫస్టియర్ సీ ల్యాబ్‌లో చేసే ఉంటారు. అప్‌డేట్ 21వ విలువను చూడమంది, ప్రోగ్రామ్ దగ్గర ఉన్నవి 20. లేనిదాన్ని చదవబోయి సిస్టమ్ కుప్పకూలింది. అర్రే హద్దు దాటడమన్నమాట!

‘లాంగ్వేజ్‌ది కాదు తప్పు, రాసేవాడికి రాదంతే’ అనే మాట సీనియర్ల నోట మీరూ వినుంటారు. మరి, తాము ఏటా సరిచేసే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీకి సంబంధించినవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. అక్కడి ఇంజినీర్లకు సీ ప్లస్ ప్లస్ రాదందామా? ఎంత అనుభవం ఉన్నా లక్షల లైన్లలో ఎక్కడో ఒకచోట చెయ్యి జారుతుంది.

గూగుల్ ఆ సంగతి ఒప్పుకుని దారి మార్చింది. ఆండ్రాయిడ్‌లో పాత కోడ్‌ను చాలావరకు అలాగే ఉంచి, కొత్తదాన్ని రస్ట్ లాంటి మెమరీ సేఫ్ లాంగ్వేజ్‌ల్లో రాయడం పెంచింది. భద్రతా లోపాల్లో మెమరీ బగ్‌ల వాటా 2019లో 76 శాతం ఉంటే, 2024కి 24 శాతానికి తగ్గింది.

అలాగని రస్ట్ ఒక్కటే మందు కాదు. అందులోనూ అర్రే హద్దు దాటితే పక్క మెమరీ జోలికి పోదు గానీ, ప్రోగ్రామ్ ఆగిపోవచ్చు. ఆ అప్‌డేట్‌ను ముందు కొన్ని కంప్యూటర్లకే పంపి చూసుంటే నష్టం అక్కడితో ఆగేది. లాంగ్వేజ్, టెస్టింగ్, దశలవారీ రిలీజ్ మూడూ కావాలి.

సీ మానేయమనడం లేదు. గేట్ సిలబస్‌లో ఉంది, లినక్స్ కెర్నల్ ఇప్పటికీ ఎక్కువగా అందులోనే ఉంది. ఆ కెర్నల్ కూడా 2022లో వచ్చిన 6.1 వెర్షన్ నుంచి రస్ట్‌కు చోటిచ్చింది. ఈ వారం ఒక పని చేయండి. ‘అవుట్‌పుట్ వచ్చింది కదా’ అని రికార్డులో సంతకం పెట్టించుకున్న పాత ప్రోగ్రామ్‌ను జీసీసీలో అడ్రస్ శానిటైజర్ పెట్టి రన్ చేయండి. దాగిన తప్పు ఏ లైన్లో ఉందో చూపించొచ్చు.

రేపు ఇంటర్వ్యూలో ‘మీ ప్రాజెక్టులో బగ్స్ వచ్చాయా?’ అంటే ‘రాలేదు సార్’ అనకండి. ఏం వచ్చింది, ఎలా పట్టుకున్నారు, మళ్లీ రాకుండా ఏం చేశారు... ఈ మూడూ చెప్పండి.