వికటకవిని కాదన్న యంత్రము

ఈ సంవత్సరము మన పాఠశాల కంప్యూటరు గదిలో తొమ్మిదవ తరగతి బాలిక యొకతె పైథాన్ భాషలో నొక చిన్న ప్రోగ్రామును ప్రదర్శించెను. ముందునుండి చదివినను వెనుకనుండి చదివినను ఒకే తీరున నుండు మాటలను గుర్తించుట దాని పని. జలజ యని యిచ్చినది, యంత్రము అవునన్నది. నటన, సరస యను మాటలును నెగ్గినవి. పిమ్మట, తెలుగువారి బిడ్డ గనుక, వికటకవి యని టైపు చేసెను. యంత్రము కాదన్నది. తెనాలి రామకృష్ణుని బిరుదమునే త్రోసిపుచ్చిన ఆ యంత్రమును జూచి తరగతి యంతయు నవ్వినది. ఆ బాలిక మాత్రము నవ్వలేదు. ఎక్కడ తప్పు జరిగినదో ఆమె చెప్పలేకపోయెను. ఆ ప్రోగ్రామును తాను వ్రాయలేదనియు, ఇంటియొద్ద అన్నగారి ఫోనులోని కృత్రిమమేధ నడిగి యెత్తి వ్రాసికొని వచ్చితిననియు తరువాత తానే యొప్పుకొనెను.

ఆ వారమే తలిదండ్రుల సమావేశమున నొక తండ్రిగారు లేచి, "యంత్రమే ప్రోగ్రాములు వ్రాయుచున్నది గదా, మా పిల్లలకు ఈ గంట యేల? ఆ సమయమున లెక్కలు చెప్పరాదా?" యని యడిగిరి. పలువురు తల లూపిరి. ఆ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. ఫీజు కట్టుటకు పొలము పనులు చూచుకొని వచ్చినవారికి అట్లడుగుటకు సంపూర్ణమైన హక్కు కలదు. అందుచేతనే ఈ సంచికలో మా యభిప్రాయమును వ్రాయ బూనితిమి.

ముందు వికటకవి సంగతి చెప్పవలెను. మనము దానిలో నైదక్షరములు చూతుము: వి, క, ట, క, వి. యంత్రము ఏడు గుర్తులు చూచును. ఏలనన, యూనికోడ్ అను సంకేతపద్ధతిలో "వి" యనునది యొక్కటి కాదు; వకారము వేరు, గుడి వేరు. ఏడింటిని వెనుకకు త్రిప్పినచో గుడి మొదటికి వచ్చి దిక్కులేనిదై నిలుచును. జలజలో గుణింతపు గుర్తులు లేవు గావున అది నెగ్గినది. "తెలుగు" అను మాట పొడవెంతయని పైథాన్ నడిగిన ఆరనును. పలకపట్టిన పిల్లవాడు మూడనును. ఇద్దరిలో పిల్లవాడే సరియని మా తీర్పు. అదే మాట ఇంగ్లీషు లిపిలో ఆరు బైట్లలో నిముడును. మన లిపిలో, సాధారణముగా వాడు యూటీఎఫ్-8 పద్ధతిని, 18 బైట్లు పట్టును. ఈ కారణము కొంత, తెలుగు పాఠము తక్కువగా చూచిన కారణము కొంత, భాషాయంత్రములు మన మాటలను ఇంగ్లీషు మాటలకంటె నెక్కువ ముక్కలుగా కోసికొనును. ముక్కల లెక్కన వెల కట్టుచోట తెలుగువాడు ఎక్కువ చెల్లించును.

ఇది నవ్వులాట మాత్రమే కాదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోనుల విషయమున జరిగినది పెద్ద తరగతులవారు వినియే యుందురు. జకార ఞకారములు దీర్ఘముతో గలిసిన తెలుగు అక్షరమొకటి, నడుమ కంటికి కనబడని చిహ్నమొకటి చేరిన రూపమున, సందేశములో వచ్చెనా, దానిని చూపబోయిన యాప్ కుప్పకూలుచుండెను. దేశదేశములవారు మన యక్షరమును ఆయుధముగా జేసికొని యొకరిపై నొకరు విసరుకొనిరి. ఆ నెల 19వ తేదీన ఐఓఎస్ 11.2.6 వెలువడుటతో నది చక్కబడెను. జ్ఞానము అను మాటలోని యక్షరమే ఫోనులను మూగవోయించుట విధివిలాసముగ దోచినది. మన మాట అటుండనిండు. పరీక్షించు బల్ల యొద్ద తెలుగు చదువువారు ఇంకను నలుగురు కూర్చుండియుండిన నది ముందే పట్టుబడి యుండెడిదని మా యూహ.

అట్టి బల్లల యొద్దకు మన బాలబాలికలు పోవుట కెల్ల దారులలోను చౌకయైనది డెవలపర్ల సమావేశములు. ప్రోగ్రాములు వ్రాయువారు జీతముతో నిమిత్తము లేక శనివారమో ఆదివారమో యొకచోట గూడి, తాము చేసినది చూపుకొని, చెడినది చెప్పుకొను కూటములివి. ఈ యాచారము క్రొత్తది కాదు. 1975 మార్చి 5వ తేదీన కాలిఫోర్నియాలోని మెన్లో పార్కున గార్డన్ ఫ్రెంచి అను నాతని కారుషెడ్డులో హోంబ్రూ కంప్యూటర్ క్లబ్బు మొదటిసారి కూడెను. స్టీవ్ వోజ్నియాక్ ఆపిల్-1 యంత్రపు పటములను అక్కడి సభ్యులకు ఉచితముగా పంచిపెట్టెను. అంగడిలోనికి పోకమునుపే ఆ యంత్రము స్నేహితుల ప్రశ్నలకు నిలువవలసి వచ్చినది.

మన హైదరాబాదునను ఇట్టి కూటములకు కొరత లేదు. సైబర్ టవర్స్ 1998లో తెరచిన పిమ్మట కంపెనీలు వచ్చినవి. కంపెనీల వెంట కూటములు వచ్చినవి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు నుద్యమముగా నడుపు "స్వేచ్ఛ" సంస్థ 2005 నుండి ఇంజనీరింగు కళాశాలలలో విద్యార్థులను గూర్చుచు, తెలుగులో కనబడు ఆపరేటింగు సిస్టమును సైతము సిద్ధపరచెను. 2009లో బెంగుళూరున మొదలైన పైకాన్ ఇండియా మహాసభ 2018 అక్టోబరులో హైదరాబాదున జరిగెను. ఇవి పెద్ద సభలు. మాకు ఎక్కువ ఇష్టమైనవి చిన్న కూటములు: ఎవరో యరువిచ్చిన గది, రెండు మూడు ప్రసంగములు, అటుపై నెవ్వరైనను లేచి ఐదు నిమిషములు మాటలాడదగిన "లైట్నింగ్ టాక్" అను ఘట్టము, ఆపై టీ, సమోసాలు. అసలు విద్య టీ వేళనే జరుగునని వెళ్లినవారందరు నెరుగుదురు.

అట్టి కూటమున కొకదానికి గడచిన చలికాలమున ఇద్దరు పదవ తరగతి విద్యార్థులను వెంటబెట్టుకొని పోయితిమి. తెల్లవారుజామున బస్సెక్కి, మధ్యాహ్నమునకు చేరితిమి. ఆదరణకు లోపము లేదు. కాని ప్రసంగములన్నియు ఇంగ్లీషుననే సాగినవి; వక్త తెలుగువాడు, వినువారిలో ముప్పాతిక మువ్వీసము తెలుగువారు, ఐనను ఒక్క వాక్యమైన తెలుగున దొర్లలేదు. మా పిల్లలిద్దరు వెనుక వరుసలో చేతులు కట్టుకొని కూర్చుండిరి. టీ వేళ యొక యువకుడు వారిని పలుకరించి, "ఏ వూరు తమ్ముడూ?" అనెను. అంతటితో కట్ట తెగినది. అరగంటసేపు ముగ్గురును గోడప్రక్క నిలిచి, గిట్ అను పరికరమును గూర్చి మాటలాడుకొనిరి. ప్రోగ్రాములో ఎవరు ఏ మార్పు ఎప్పుడు చేసిరో ప్రతిదానిని చిట్టాలోవలె వ్రాసియుంచి, కోరినప్పుడు వెనుకటి స్థితికి గొనిపోవు పరికరమది. లైనస్ టోర్వాల్డ్స్ దానిని 2005 ఏప్రిలులో, లినక్స్ పని కొరకు అంతవరకు వాడుచున్న పరికరము ఉచితముగా దొరకకుండ పోయిన సందర్భమున, మొదలుపెట్టి కొలది దినములలోనే వాడుకకు దెచ్చెను. మేము ఆరు నెలలు చెప్పినను తలకెక్కని యా విషయము ఆ గోడప్రక్క అరగంటలో తలకెక్కినది. మాకు కొంచెము చిన్నతనముగ నుండెను. దానికంటె సంతోషమే యెక్కువ.

ఇక క్రొత్త పరికరముల మాట. గిట్‌హబ్ కోపైలట్ 2021 జూనులో పరీక్షార్థమును, మరుసటి జూనున అందరికిని లభించెను. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చెను. అటుపై వచ్చినవి మాట నందించుటతో నాగక, తామే ఫైళ్లు తెరచి, దిద్ది, పరీక్షలు నడిపి, తప్పు వచ్చిన మరల దిద్దుచున్నవి. 2025 ఫిబ్రవరిలో ఆండ్రే కర్పతీ, వ్రాతను చూడక యంత్రమునకే వదలివేయు నీ పద్ధతికి "వైబ్ కోడింగ్" అని పేరు పెట్టెను. ఆ పేరు మాకు రుచింపలేదు గాని, వాడుకలో నిలిచిపోయినది.

ఇట్టి భయములు మునుపును కలిగినవి. 1957లో జాన్ బ్యాకస్ బృందము ఫోర్ట్రాన్ వెలువరించు నాటికి, మనుష్యుడు చేతితో వ్రాసినంత చురుకైన సంకేతమును యంత్రమెన్నటికిని పుట్టింపజాలదని పలువురు తలంచిరి. అది పుట్టించినది. ప్రోగ్రాములు వ్రాయువారు తగ్గుటకు మారుగా పెరిగిరి. ఐనను ఈ పోలికను కడదాక సాగదీయుట న్యాయము కాదని మేమే యొప్పుకొనెదము. ఫోర్ట్రాన్ కంపైలరు ఒకే పాఠమున కెప్పుడును ఒకే ఫలితమిచ్చును. నేటి భాషాయంత్రము అపార పాఠములనుండి నేర్చిన వాడుకనుబట్టి తరువాత రాదగిన ముక్కను ఊహించును. ఊహ మెండుసార్లు సరిపోవును. సరిపోనప్పుడును అదే ధైర్యముతో పలుకును. లేని లైబ్రరీలకు పేర్లు కల్పించుట దానికి కలదు. ఆ కల్పితనామములతో దుర్మార్గులు విషపు ప్యాకేజీలను పెట్టి వేచియుండుటకు వీలును కలదు.

మెటర్ అను పరిశోధనసంస్థ 2025 జూలైలో ప్రకటించిన పరీక్షయొకటి మాకు మిక్కిలి యాలోచన గలిగించినది. అనుభవజ్ఞులైన 16గురు ప్రోగ్రామర్లకు, తమకు చిరపరిచితమైన ప్రాజెక్టులలోనే 246 పనులిచ్చి, కొన్నింటికి ఆనాటి మేధాపరికరములను అనుమతించి, కొన్నింటికి నిషేధించి చూచిరి. పరికరములు వాడిన పనులకు 19 శాతము ఎక్కువ కాలము పట్టినది. పని ముగిసిన పిమ్మట వారు మాత్రము తమకు 20 శాతము కాలము కలిసివచ్చినదనిరి! పరీక్ష చిన్నది; పరికరములు నెలనెలకు మారుచున్నవి; క్రొత్తవారి సంగతి అది చెప్పదు. కాని తన పని తనకే తెలియకుండునంతటి భ్రమ నేర్పరులకే కలిగినప్పుడు పదునాలుగేండ్ల పిల్లలమాట యేమి?

కావున ఆ తండ్రిగారికి మా జవాబిది. వికటకవి ప్రోగ్రామును యంత్రము నడుగుడు. సాధారణముగా నొక పంక్తిలో త్రిప్పిచూపును. అది ఇంగ్లీషు మాటలకు సరిపోవును. "గుణింతములను విడదీయక, అక్షరము నక్షరముగానే చూడుము" అని మరల చెప్పినచో మెరుగైనది వ్రాయును. ఆ రెండవ మాట చెప్పుటకు గుణింతము సంగతియు, యంత్రపు లెక్క సంగతియు తెలిసియుండవలెను గదా? ఆ తెలివినిచ్చు గంటను తీసివేయుడనుట, లెక్కలు వేయు యంత్రము వచ్చినదని ఎక్కముల పుస్తకమును పొయ్యిలో వేయుటవంటిది.

ఉపాధ్యాయ సోదరులలో కొందరు దీనికి ప్రతిగా, ఈ పరికరములను బోర్డింగు ఆవరణలోనికే రానీయకూడదనుచున్నారు. దానితోను మేమేకీభవింపజాలము. ఇంటియొద్ద ఇంగ్లీషు చెప్పువారు లేని బిడ్డకు, ప్రోగ్రాము వాంతి చేసిన నాలుగు పంక్తుల తప్పుసందేశమును తెలుగున విప్పి చెప్పు సాధనము దొరకుట సామాన్యమైన మేలు కాదు. మేము కోరునది వరుస మాత్రమే. ఎనిమిది, తొమ్మిది తరగతులలో చేతితో వ్రాయవలెను. పదవ తరగతిలో యంత్రము వ్రాసినదానిని పంక్తి పంక్తిగా చదివి, తోటివారికి వివరింపవలెను. వివరింపలేనిదానికి మార్కులు లేవు. ఇందులో కాఠిన్యమున్నదనువారుందురు, ఉండనిండు.

సమావేశముల విషయమై కరస్పాండెంటు గారికొక మనవి. తెలుగు అచ్చుకు మిషనరీలు చేసిన సేవ మనకందరకు తెలిసినదే. బెంజమిన్ షుల్జ్ పద్దెనిమిదవ శతాబ్దమున జర్మనీలోని హాలే పట్టణమున తెలుగు పుస్తకములు ముద్రింపించెను. విలియం కేరీ 1814లో తెలుగు వ్యాకరణమును శ్రీరామపురమున ప్రకటించెను. అక్షరములను లోహమున పోతపోసిన పరంపర మనది. ఆ యక్షరములే నేడు సంకేతములైనప్పుడు మన హాలు తలుపులు మూసియుంచుట బాగుండదు. మన పిల్లలు తెల్లవారుజాము బస్సెక్కి నగరమునకు పోవుటకంటె, నగరమున కుద్యోగమునకై పోయిన మన పూర్వవిద్యార్థులే పండుగకు ఇంటికి వచ్చినప్పుడు ఒక పూట యిచ్చట కూర్చుండరాదా? తెలుగున మాటలాడవలెను, చెడిన పనిని గూర్చియు చెప్పవలెను. ప్రొజెక్టరు కలదు. కరెంటు పోయినచో నల్లబల్ల కలదు. రెండవ శనివారమున హాలు ఖాళీగనే యుండును.

ఆ బాలిక యింకను విడిచిపెట్టలేదు. గుణింతపు గుర్తును దాని హల్లుతో జోడించి చూచునట్లు ప్రోగ్రామును ఈసారి స్వహస్తముతో మార్చెను. వికటకవి నెగ్గినాడు, కిటికి నెగ్గినది, మందారదామము సున్నతో వ్రాసిన నదియు నెగ్గినది. ముత్యము దగ్గర మరల నాగినది. ఒత్తక్షరమును విడదీయక యొక్కటిగ లెక్కించు నియమము తెలుగునకు యూనికోడ్‌లో 2023 సెప్టెంబరున వెలువడిన 15.1 కూర్పులోగాని చేరలేదు. మన గదిలోని యంత్రములు అంతకు ప్రాతవి. పొల్లును తానే యెట్లు కలుపవలెనో కాగితముపై గీసికొని, నిన్న సాయంకాలము గంట కొట్టిన తరువాతను ఆమె అచ్చటనే కూర్చుండియుండెను.