తమపని తాము చేసికొనుట



పక్షవాతము వచ్చిన యత్తగారికి కోడలు ముద్దలు కలిపి నోటి కందించుచుండిన నిరుగుపొరుగువారు మెచ్చుకొందురు. నేనును మెచ్చుకొనెదను. కాని మాసములు గడచినను ఆమెను తన ముద్ద తాను తీసికొననీయకుండుట సేవ యగునా?

ఇందులకై యొక శాస్త్రము కలదు. ఆంగ్లమున ఆక్యుపేషనల్ థెరపీ యందురు. మనవారు వృత్తి చికిత్స యనిరి. అది యుద్యోగము చూపు విద్య యని కొందరి భ్రమ. వృత్తి యనగా జీవనోపాధియే కాదు, నడవడియు నగును గదా! స్నానము, భోజనము, కట్టు, బొట్టు, పిల్లల యాట, చదువు, అన్నియు నిందులోనివే. మన దేశమున దీనికి మొదటి పాఠశాల 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో, అమెరికాలో జన్మించి మన దేశపు కోడలైన కమలా నింబ్కర్ గారి పూనికతో వెలసినది.

రోగి యే పనిలో నెచ్చట నాగిపోవుచున్నదో చికిత్సకులు ముందు కనిపెట్టుదురు. రవిక తొడుగునపుడు బలహీనమైన చేతిని ముందు దూర్పవలెను. విప్పునపుడు మంచి చేతిని ముందు తీయవలెను. పడిన చేతిని పట్టి లాగరాదు, భుజము చెడును. కంచము క్రింద తడిగుడ్డ పరచిన జారదు. చెంచా కాడకు గుడ్డ చుట్టి లావు చేసిన పట్టు దొరకును. అయితే మ్రింగుట సరిగా నున్నదో లేదో వైద్యునిచే ముందుగా చూపించుకొనవలెను.

మన యిండ్లలో వేరొక చిక్కు కలదు. కుడిచేయి పడినవారు ఎడమచేత తినుటకు సిగ్గుపడి, నలుగురిలో పస్తుండుటకైన నొప్పుకొందురు. ఆచారము రోగి కొరకు సడలదా? ఎడమచేతికి చెంచా నీయుడు. కుడిచేతిని ఒడిలో దాచక కంచము ప్రక్క నుంచుడు. క్రమముగా కంచము పట్టుటకైన నది యుపకరింపవచ్చును.

పిల్లల విషయమున నొక యుపాయము నాకు మిక్కిలి నచ్చినది. పని చివరి మెట్టును ముందుగా నేర్పుదురు. లాగును తల్లి తుంటివరకు తొడిగి, పైకి లాగుకొనుట మాత్రము బిడ్డకు విడుచును. అది వచ్చిన పిమ్మట మోకాళ్లనుండి, ఆపైన పాదములనుండి. ప్రతి దినము పని ముగించిన సంతోషము బిడ్డదే యగును. వ్రాత కుదరని బిడ్డ పాదములు వ్రేలాడుచున్నవేమో చూడుడు. క్రింద పీట వేసిన నిలకడ కలుగును. బెత్తమునకు ముందు పీటను వెదకుడని మా యింటి పంతులుగారితో ననుచుందును.

ఆలస్యమగుట నిజమే. పెండ్లికి బయలుదేరు దినమున మనమే తొడుగుదము. తక్కిన దినములలో అరగంట ముందు లేవవలెను. పెద్ద ఆసుపత్రులలో ఈ చికిత్సకులు గలరేమో విచారింపుడు. పిల్లలకైన జిల్లా ఆసుపత్రిలో 2013 నాటి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు కేంద్రమున నడుగవచ్చును.