చేపల తొట్టెలో వోడ్కా చుక్క!

చేపల తొట్టెలో వోడ్కా పోస్తారంటే నమ్ముతారా? తమాషాకి కాదు, నిజంగానే! అమెరికా, జర్మనీ లాంటి దేశాల్లో ఇంట్లో పగడాల అక్వేరియం పెంచేవాళ్లు చాలాకాలంగా చేస్తున్న పనే ఇది. కొందరు వోడ్కా బదులు వెనిగర్ వాడతారు, కొందరు చక్కెర. చేపలకు మత్తెక్కించడం వాళ్ల ఉద్దేశం కాదు. కంటికి కనిపించని బ్యాక్టీరియాకు భోజనం పెట్టడం.

చేపలకు వేసే మేతా, అవి వదిలే మలినాలూ చివరికి నైట్రేట్, ఫాస్ఫేట్‌లుగా మారి నీళ్లలో పేరుకుపోతాయి. అవి ఎక్కువైతే నాచు అల్లుకుపోయి పగడాలను కప్పేస్తుంది. బ్యాక్టీరియా వాటిని తినేయగలదు. కానీ దానికి కర్బనం కూడా కావాలి, తొట్టెలో అదే తక్కువ. కూర బోలెడుంది, అన్నమే లేదన్నమాట! ఆ అన్నమే వోడ్కా. కడుపు నిండిన బ్యాక్టీరియా పిల్లాపాపలతో పెరుగుతుంది. ప్రొటీన్ స్కిమ్మర్ అనే పరికరం సన్నని గాలి బుడగలతో నురగ లేపి, ఆ నురగతో పాటే బ్యాక్టీరియాను బయటికి తోడేస్తుంది. దాని ఒంట్లో చేరిన నైట్రేట్, ఫాస్ఫేట్ కూడా అలాగే బయటికి పోతాయి. (మన దేశంలో మాత్రం రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సముద్రం నుంచి తీయడం, అమ్మడం నేరం. ఇక్కడి ఉప్పునీటి తొట్టెలు చేపలతో సరిపెట్టుకోవాల్సిందే.)

చిక్కల్లా తొందరతోనే. నైట్రేట్ త్వరగా దిగాలని ఒక మిల్లీలీటరు పోయాల్సిన చోట మూడు పోస్తే, తెల్లారేసరికి తొట్టె బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా మారిపోతుంది. బ్యాక్టీరియా ఒక్కసారిగా విజృంభించిందని అర్థం. చూసినవాళ్లు నీళ్లు పాడయ్యాయనుకుంటారు. అసలు ప్రమాదం ఆ తెలుపు కాదు, ఊపిరి!

చిన్న లెక్క చూడండి. ఒక మిల్లీలీటరు వోడ్కాలో ఆల్కహాల్ సుమారు 0.3 గ్రాములు. దాన్ని పూర్తిగా ఖర్చు చేయడానికి బ్యాక్టీరియాకు 0.6 గ్రాములకు పైగా ఆక్సిజన్ కావాలి. 26 డిగ్రీల దగ్గర 100 లీటర్ల సముద్రపు నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ మొత్తం ఇంచుమించు అంతే! గాలి నుంచి ఎప్పటికప్పుడు కొత్తది చేరుతుంది కాబట్టే చేపలు బతుకుతున్నాయి. రాత్రి దీపాలార్పితే నాచు కూడా ఆక్సిజన్ ఇవ్వడం మానేసి పీల్చుకోవడం మొదలెడుతుంది. అదే సమయంలో కరెంటు పోయి పంపులు ఆగిపోతే ఇక చెప్పేదేముంది! తెల్లవారుజామున చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే కారణం అదే.

ఈ మాట భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల రైతులకు విడమరిచి చెప్పక్కర్లేదు. వాళ్లు చెరువుల్లో బెల్లం, మొలాసిస్ చల్లేదీ ఇందుకే: బ్యాక్టీరియాకు తీపి పెట్టి, అమ్మోనియాను తినిపించడానికి. ఈ కర్బనం, నత్రజని లెక్కను ఇజ్రాయెల్ శాస్త్రవేత్త యోరామ్ అవ్నిమెలెక్ 1999లో వివరంగా ప్రచురించారు. ఏరియేటర్లు తిరగకుండా బెల్లం చల్లితే ఏమవుతుందో ఆ రైతులకు తెలుసు.

మరి తొట్టె తెల్లబడితే ఏం చేయాలి? మొదట వోడ్కా సీసా మూత బిగించాలి. వెంటనే గాలి పంపు పెట్టాలి, అది బ్యాటరీతో నడిచేదైతే మరీ మంచిది. స్కిమ్మర్‌ను ఆపకూడదు. అది బ్యాక్టీరియాను తోడటమే కాదు, నీటికి గాలి కూడా అందిస్తుంది. యూవీ దీపం ఉంటే వెలిగించొచ్చు. నీళ్లన్నీ ఒకేసారి మార్చేస్తే ఉప్పులోనూ వేడిలోనూ తేడా వచ్చి చేపలు తట్టుకోలేవు, కొద్దికొద్దిగా మార్చాలి. యాంటీబయాటిక్ వేసి చంపేద్దామనుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. రాళ్లలో ఉండి అమ్మోనియాను విరిచే మంచి బ్యాక్టీరియా కూడా దాంతోపాటే పోతుంది. ఓపిక పడితే మామూలుగా కొద్దిరోజుల్లో నీళ్లు వాటంతటవే తేటపడతాయి.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పాత మోతాదుకు వెళ్లకూడదు. సగమో, అంతకన్నా తక్కువో చాలు. అసలు కొత్తవాళ్లకు అనుభవజ్ఞులు చెప్పేది దాదాపు 100 లీటర్లకు రోజుకు 0.1 మిల్లీలీటరు. అంత కొంచెం కొలవాలంటే ఇన్సులిన్ సిరంజే దిక్కు! ఆ తర్వాత పెంచేది కూడా వారానికోసారి, అదీ టెస్ట్ కిట్‌తో నైట్రేట్ చూసుకుని. పోసేది ఉదయం దీపాలు వెలిగాక పోస్తే రాత్రికి ఊపిరి భారం తగ్గుతుంది. వెనిగర్ వాడేవాళ్లకు లెక్క వేరు. వోడ్కాకు దాదాపు ఎనిమిది రెట్లు కావాలి.

నీళ్లు తేటగా ఉన్నాయి కదా అని పోస్తూ పోవడం కూడా మంచిది కాదు. పనామా తీరపు పగడాలపై 2006లో వెలువడిన పరిశోధనలో తేలిందేమిటంటే, నీళ్లలో చక్కెరల్లాంటివి ఎక్కువైతే పగడం ఒంటిమీది జిగురు పొరలో ఉండే సూక్ష్మజీవులు పదిరెట్ల వేగంతో పెరుగుతాయి. చివరికి పగడమే చచ్చిపోతుంది. అందుకే నైట్రేట్ దిగడం మొదలవగానే మోతాదు పెంచడం ఆపి, తగ్గించుకుంటూ వస్తారు. ఒక్కోసారి ఎంత పోసినా నైట్రేట్ కదలదు. అప్పుడు చూడాల్సింది ఫాస్ఫేట్‌ని. అది అడుగంటితే బ్యాక్టీరియా పెరగలేదు, వోడ్కా మాత్రం నీళ్లలో మిగిలిపోతుంది.