బొగ్గు తిన్న బస్సు

మందస నుంచి ఒక పాప ఇలా రాసింది: "మా ముత్తాత చిన్నప్పుడు బొగ్గుతో నడిచే బస్సు ఎక్కాడట. అంత పాడు బండి లోకంలో మరొకటి లేదంటాడు. బొగ్గుతో నడిచేది రైలు కదా! బస్సెలా నడుస్తుంది? నన్ను ఆటపట్టిస్తున్నాడా?"

లేదమ్మా, మీ ముత్తాత చెప్పినది నిజమే. అటువంటి బస్సులు ఆనాటి మద్రాసు రాజధాని అంతటా తిరిగేవి. అప్పటికి శ్రీకాకుళం జిల్లా ఇంకా పుట్టలేదు. అది 1950లో ఏర్పడింది. అంతకుముందు మందస, పలాస, టెక్కలి అన్నీ విశాఖపట్నం జిల్లాలో ఉండేవి.

ఇది రెండవ ప్రపంచ యుద్ధం నాటి మాట. విమానాలకూ, మిలిటరీ లారీలకూ పెట్రోలు కావలసివచ్చి, 1941లో మనదేశంలో పెట్రోలుకు రేషను పెట్టారు. మరుసటి ఏడు జపానువాళ్ళు బర్మాను పట్టుకున్నారు. మనకు చాలా నూనె అక్కడి బావుల నుంచే వచ్చేది. కూలి పనికి రంగూను వెళ్ళిన ఉత్తరాంధ్రవాళ్ళు వేలమంది ప్రాణాలు అరచేత పెట్టుకుని ఇళ్ళకు తిరిగివచ్చారు. నూనె మాత్రం రాలేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు కూడా పడ్డాయి. ఇక పల్లెటూరి బస్సుకు పెట్రోలెవరిస్తారు?

అందుకని బస్సుకు బొగ్గు పెట్టారు. రైలింజనులో వేసే రాక్షసిబొగ్గు కాదు. కట్టెలు కాల్చి చేసే కర్రబొగ్గు. రైలింజనులో నిప్పు నీళ్ళను మరిగిస్తుంది, ఆవిరి చక్రాలను తిప్పుతుంది. బస్సులో ఆవిరి లేదు. అక్కడ బొగ్గు నుంచి ఒక గ్యాసు తీసి, పెట్రోలుకు బదులు దానిని ఇంజనులో మండించేవారు.

బస్సు వెనక నిలువెత్తు ఇనుప పీపా ఒకటి బిగించి ఉండేది. దాని నిండా బొగ్గు పోసి, కింద నిప్పు రాజేసేవారు. అడుగున గాలి తగిలినచోట బొగ్గు బాగా మండి బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. ఆ వాయువు ఎర్రగా కాలుతున్న బొగ్గుల మధ్యనుంచి పోయేటప్పుడు తనలోని ప్రాణవాయువులో సగం ఆ బొగ్గుకు ఇచ్చేస్తుంది. అప్పుడు మిగిలేది కార్బన్ మోనాక్సైడు. ఇది మండే వాయువు. దీన్ని గొట్టాలలో చల్లబరచి, గుడ్డలోనుంచో పీచులోనుంచో వడకట్టి ఇంజనుకు పంపేవారు. పీచంటే ఏమిటో ఉద్దానం పిల్లలకు నేను చెప్పనక్కరలేదు.

ఈ వాయువును మీరూ చూసే ఉంటారు. అమ్మ ఆరుబయట కుంపటి రాజేసినప్పుడు, నిప్పులు బాగా ఎర్రబడ్డాక వాటిపైన సన్నని నీలిమంటలు ఆడుతుంటాయి కదా, అవి కార్బన్ మోనాక్సైడు మండుతున్న మంటలే.

మరి పాడు బండి ఎందుకయింది? గాలిలో అయిదింట నాలుగు వంతులు నత్రజని. అది మండదు, మండనివ్వదు. గాలితోపాటు అదికూడా పీపాలో దూరి, తయారయిన గ్యాసులో సగానికి పైగా తానే ఉంటుంది. పాలలో సగం నీళ్ళు కలిపినట్టన్నమాట! దానితో ఇంజను బలం మూడోవంతు నుంచి సగందాకా తగ్గిపోయేది. చదును నేలమీద ఎలాగో నడిచేది. మిట్ట వస్తే మూలిగి ఆగిపోయేది. జనం దిగి తొయ్యవలసిందే. టిక్కెట్టు కొన్నది కూర్చోవడానికా, తొయ్యడానికా అని ఎవరైనా విసుక్కుంటే తప్పు పట్టగలమా? కొందరు డ్రైవర్లు తమ రేషను పెట్రోలును ఎత్తు ఎక్కడానికని దాచుకునేవారు.

బస్సు కదలడానికి ముందు పెద్ద తతంగం ఉండేది. క్లీనరు కుర్రవాడు వెనక నిలబడి, పిడి పట్టుకుని గాలి చక్రాన్ని గిరగిరా తిప్పాలి. కొలిమిలో తిత్తి ఊదినట్టే. పావుగంటకో, ఇంకా ఆలస్యంగానో మంచి గ్యాసు వచ్చేది. ఇంజను తిరుగుతున్నంతసేపూ గాలిని అదే పీల్చుకుంటుంది. బస్సు ఎక్కడైనా చాలాసేపు ఆగితే నిప్పు చల్లబడి గ్యాసు పలచబడుతుంది. కుర్రవాడు మళ్ళీ చక్రం తిప్పాలి. మసి, బూడిద వాడి ముఖానికే కాదు, తెల్లబట్టలు కట్టుకుని పెళ్ళికి పోయేవాళ్ళకూ అంటేది.

అసలు భయం మసి కాదు. కార్బన్ మోనాక్సైడు విషం. రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురు ప్రాణవాయువు కంటె దానిని రెండువందల రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది, ఇక వదలదు. మొదట తలనొప్పి, తరువాత మగత, ఆపైన స్పృహ తప్పడం. మూత తీసి బొగ్గు పోసే క్లీనరు, బస్సును మూసిన షెడ్డులో పెట్టి అందులోనే పడుకునేవాడు ఎంత ప్రమాదంలో ఉన్నారో చూడండి! ఆ బస్సులు పోయినా ఆ విషం పోలేదు. చలికాలంలో తలుపులు, కిటికీలు బిగించుకుని గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నా అదే జరుగుతుంది. పెద్దలారా, ఈ పేరాను ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

ఇటువంటి బళ్ళు మనకొక్కరికే కాదు. జర్మనీలో యుద్ధకాలంలో సుమారు 5 లక్షల బళ్ళు కట్టె గ్యాసుతో నడిచాయి. 1945లో యుద్ధం ముగిసింది. పెట్రోలు దొరకసాగినకొద్దీ ఆ పీపాలను ఊడదీసి పాత ఇనుముకు అమ్మేశారు. డ్రైవర్లెవరూ ఏడ్చి ఉండరు. ఈ కిటుకు మాత్రం పోలేదు. వరి ఊక నుంచి ఇలాగే గ్యాసు తీసి నడిపే బియ్యపు మిల్లులు మనదేశంలో ఉన్నాయి.

ఈ నెల ప్రశ్న: వానలో బొగ్గు కొంచెం చెమ్మగిలితే గ్యాసుకు బలం పెరుగుతుంది, బాగా తడిస్తే బస్సే ఆగిపోతుంది. ఎందుకు? నీటిలో ఏయే వాయువులున్నాయో జ్ఞాపకం చేసుకుని జవాబు రాయండి. సరైన జవాబు వచ్చే నెల ఇదే పేజీలో ఇస్తాం.