మాంద్యంలో పెనుకొండ కారు

"మాంద్యం ఎక్కడుంది అయ్యగారూ, కొత్త కార్లు తిరుగుతూనే ఉన్నాయిగా" అని సింగరాయకొండ హైవే పక్కన ఒక సోదరుడు నన్నడిగారు. ఆయన చూపించింది కియా సెల్టోస్.

లెక్క చూద్దాం. 2018 ఆగస్టులో దేశంలో కంపెనీల నుంచి డీలర్లకు వెళ్లిన ప్రయాణికుల వాహనాలు 2,87,198. 2019 ఆగస్టులో 1,96,524. ఆ నెల 22న మన పెనుకొండ దగ్గర తయారైన సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. నెలాఖరుకే 6,236 బళ్లు వెళ్లాయి.

2019లో 9.69 లక్షల నుంచి మొదలైన ఈ క్రాసోవర్ అప్పట్లో చవకదేమీ కాదు. దాని బలం అప్పట్లో ఇంజన్లలో ఉండేది. 1.5 లీటర్ల పెట్రోలు, అదే సైజు డీజిల్, రెండిటి శక్తి సుమారు 115 హార్స్‌పవర్. 1.4 టర్బో పెట్రోలుది 140. మూడూ 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6కు సరిపోయేవే. మారుతి ఆ తేదీకల్లా డీజిల్ కార్లే మానేస్తామంది. బీఎస్-4 బండి కొంటే రేపు దాని విలువ ఏమవుతుందోనని అప్పట్లో ఆగినవారికి ఇక్కడ ఆ దిగులు లేకపోయింది.

అయితే చేతిలో డబ్బుండి ఆగినవారి సంగతి ఇది. 2018 సెప్టెంబరులో ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ అప్పులు తీర్చలేక చతికిలబడ్డాక ఫైనాన్స్ కంపెనీలు చేయి బిగించాయి. బాడుగకు తిప్పే చిన్న కారైనా, లారీ అయినా అప్పు మీద కొనేదే. మారుతిలో సుమారు 3,000 మంది తాత్కాలిక కార్మికుల ఒప్పందాలు పొడిగించలేదని చైర్మన్ భార్గవే చెప్పారు.

ఆ సోదరుడికి నేను టాక్సీ స్టాండు చూపించాను. బండికి అప్పు పుట్టక, వేరేవాళ్ల కారుకు డ్రైవర్లుగా వెళ్తున్న మన కుర్రాళ్లు అక్కడే ఉన్నారు.